ఇల్లు కొనేటప్పుడు, ఉన్న లోన్ మార్చేటప్పుడు కాగితాలు ఎలా చూసుకోవాలి – బెజవాడ, గుంటూరు వాళ్ళ కోసం

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరు ఫ్లాట్ కొనాలన్నా, ఉన్న లోన్ ఇంకో బ్యాంకుకి మార్చుకోవాలన్నా ముందు మా తలుపే కొడతారు. నేను లాయర్ని కాదండి, గుణదలలో ఒక సెకండ్ హ్యాండ్ ఫ్లాట్ కొని, ఆరేళ్ళ తర్వాత దాని లోన్ వేరే బ్యాంకుకి మార్చి, రెండుసార్లూ తిరగాల్సినంత తిరిగినవాడిని, అంతే. అందరూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి ఒకసారి వరసగా రాసేస్తున్నా, మీకు ఏది అవసరమో అది చదువుకోండి.

లెక్కలకి ఈజీగా ఉంటుందని 60 లక్షల ఫ్లాట్ ఒకటి అనుకుందాం, మొత్తం దాని మీదే చెప్తా.

ముందు జిరాక్స్ సెట్, తర్వాతే టోకెన్

బ్రోకర్ ఏమంటాడో మీకు తెలిసిందే, ఇంకో పార్టీ రెడీగా ఉందండి, సాయంత్రం లోపు ఒక లక్ష పడేస్తే మీకే ఆపుతా అంటాడు. పడేయకండి. ఓనర్ దగ్గర జిరాక్స్ సెట్ అడగండి, అందులో ఓనర్ పేరు మీద ఉన్న సేల్ డీడ్, దానికి వెనక ఉన్న లింక్ డాక్యుమెంట్లు, అప్రూవ్డ్ ప్లాన్, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు ఉండాలి. నిజంగా అమ్మేవాడు జిరాక్స్ ఇవ్వడానికి వెనకాడడు. అడ్వాన్సు ఇస్తేనే కాగితాలు చూపిస్తా అనేవాడి దగ్గర నుంచి లేచి వచ్చేయడమే.

లింక్ డాక్యుమెంట్లు అంటే ఆ ఆస్తి ఎవరి దగ్గర నుంచి ఎవరికి ఎలా వచ్చింది అనే గొలుసు. మామూలుగా 30 ఏళ్ళ వెనక వరకు చూస్తారు. ఫ్లాట్ అయితే మీ ఓనర్ డీడ్ ఒక్కటే చూసి ఆగిపోకండి, బిల్డర్‌కి ఆ స్థలం ఎలా వచ్చింది, స్థలం ఓనరుతో డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ రిజిస్టర్ అయిందా, మీరు కొంటున్న ఫ్లాట్ బిల్డర్ వాటాలోదా స్థలం ఓనర్ వాటాలోదా, ఇవన్నీ తేలాలి. డీడ్‌లో హద్దులు, సర్వే నంబరు, స్థలంలో మీ ఫ్లాట్‌కి వచ్చే విడదీయని వాటా ఎన్ని గజాలు అనేవి ఒక కాగితం మీద రాసుకుని పాత డాక్యుమెంట్లతో కలిపి చూడండి, ఒక గంట పని.

ఈసీ ఎలా తీయాలి, ఎలా చదవాలి

ఈసీ అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆ ఆస్తి మీద రిజిస్టర్ అయిన అమ్మకాలు, తనఖాల చిట్టా. ఏపీ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో దాన్ని మీరే తీసుకోవచ్చు, ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాన్యువల్‌గా వెతికించాలి. చాలామంది డాక్యుమెంట్ నంబరు కొట్టి వచ్చిన పేజీ చూసి క్లీన్ అనేస్తారు. అలా కాదు, ఒకసారి డాక్యుమెంట్ నంబరుతో, ఇంకోసారి సర్వే నంబరుతో, ఇంకోసారి డోర్ నంబరుతో తీయండి, ఎందుకంటే మన ఊళ్ళలో డోర్ నంబర్లు మారాయి, పాత డాక్యుమెంట్‌లో ఒక నంబరు కొత్త పన్ను రసీదులో ఇంకో నంబరు ఉంటుంది, ఒకదాంట్లో కనపడని తనఖా ఇంకోదాంట్లో కనపడొచ్చు.

ఇంకో సంగతి, ఈసీ క్లీన్ అంటే ఇల్లు క్లీన్ అని కాదు. రిజిస్టర్ అయిన లావాదేవీలే అందులో కనపడతాయి. రిజిస్టర్ చేయని అడ్వాన్సు అగ్రిమెంట్, వారసుల తగాదా, కోర్టులో నడుస్తున్న కేసు, పన్ను బకాయి, ఇవేవీ కనపడకపోవచ్చు. కోర్టు కేసుల కోసం ఈ-కోర్ట్స్ సైట్‌లో ఓనర్ పేరు, వాళ్ళ నాన్న పేరు కొట్టి చూడండి, పేర్లు ఒకేలా ఉన్నవాళ్ళు పదిమంది వస్తారు, ఓపిగ్గా చూడాలి.

రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లోనే 22ఏ లిస్టు కూడా ఉంటుంది, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని నిషేధిత ఆస్తులు. ప్రభుత్వ భూమి, దేవాదాయ భూమి, వక్ఫ్ భూమి, పేదలకిచ్చిన అసైన్డ్ భూమి అందులో ఉంటాయి, సర్వే నంబరుతో చూసుకోవచ్చు. దీనికి అయిదు నిమిషాలు, కానీ ఇది చూడకుండా అడ్వాన్సిచ్చి రిజిస్ట్రేషన్ రోజు సిస్టమ్ తీసుకోవట్లేదండి అనిపించుకున్నవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు.

వారసత్వం ఇల్లయితే ఆడపడుచుల సంతకాలు

మన దగ్గర గొడవలన్నీ ఇక్కడే. నాన్నగారు పోయారు, వీలునామా లేదు, కొడుకులిద్దరూ కలిసి అమ్ముతున్నారు, అక్కాచెల్లెళ్ళకి పెళ్ళప్పుడే ఇచ్చేశాం కదండీ అంటారు. కట్నం ఇచ్చామనేది ఇంట్లో చెప్పుకునే మాట, చట్టంలో చెల్లదు. నాన్న సొంతంగా సంపాదించిన ఆస్తి అయితే 1956 చట్టం ప్రకారమే భార్య, కొడుకులు, కూతుళ్ళు, బతికుంటే ఆయన తల్లి, అందరికీ సమాన వాటా. పిత్రార్జితం అయితే మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం 1985లోనే కూతుళ్ళకి హక్కు ఇచ్చింది, కాకపోతే అప్పటికి పెళ్ళి కానివాళ్ళకి. 2005లో కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది, 2020లో సుప్రీంకోర్టు, 2005 నాటికి తండ్రి బతికి ఉండక్కర్లేదు కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుంది అని తేల్చింది.

కాబట్టి మీరు చేయాల్సింది, తహసీల్దార్ ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మనండి, అందులో ఉన్న అందరి చేత సేల్ డీడ్‌లో సంతకం పెట్టించండి. విదేశాల్లో ఉన్న అక్క రాలేదంటే ఆవిడ జీపీఏ, అంటే తన తరఫున ఇక్కడ సంతకం పెట్టే అధికారం ఇంకొకరికి ఇచ్చే కాగితం, పంపాలి. మైనర్ పిల్లల పేరు మీద ఆస్తి ఉంటే తల్లో తండ్రో సంతకం పెట్టేస్తే సరిపోదు, కోర్టు పర్మిషన్ కావాలి, అది లేకుండా కొంటే ఆ పిల్లాడు పెద్దయ్యాక వచ్చి రద్దు చేయమని అడగొచ్చు.

జీపీఏ మీద కొనొచ్చా

కృష్ణా గుంటూరు జిల్లాల్లో సగం ఇళ్ళ ఓనర్లు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు కాబట్టి ఈ ప్రశ్న తప్పదు. రెండు వేరు వేరు సంగతులు ఉన్నాయి ఇక్కడ. ఓనర్ తరఫున జీపీఏ హోల్డర్ వచ్చి మీకు సేల్ డీడ్ రిజిస్టర్ చేసి ఇస్తే అది పద్ధతే. అలాకాకుండా, రిజిస్ట్రేషన్ ఖర్చు ఎందుకండీ, జీపీఏ మీ పేరు మీద రాసేస్తాం, పొజిషన్ తీసుకోండి అంటే మాత్రం వద్దు, అలాంటి జీపీఏ అమ్మకాల వల్ల ఆస్తి మీద హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పేసింది.

మొదటి రకంలో కూడా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇచ్చినాయన బతికి ఉండాలి, ఆయన పోయిన క్షణం మామూలు జీపీఏ చచ్చిపోయినట్టే. రద్దు చేసి ఉండకూడదు. అమ్మే అధికారం అని స్పష్టంగా రాసి ఉండాలి, అద్దెకివ్వడానికి చూసుకోవడానికి అని మాత్రమే రాసిన జీపీఏ పట్టుకుని అమ్మేవాళ్ళూ ఉన్నారు. విదేశంలో రాసింది అయితే ఇండియాకి వచ్చిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఓనర్‌కి ఒక వీడియో కాల్ చేసి మాట్లాడండి, మొహమాటం వద్దు.

ప్లాన్, పెంట్‌హౌస్, రెరా

పాత అపార్ట్‌మెంట్లలో పైన పెంట్‌హౌస్ తక్కువకి వస్తుందని చూస్తుంటారు. మున్సిపాలిటీ అప్రూవ్ చేసిన ప్లాన్‌లో అది ఉందా లేదా చూడండి, లేకపోతే చాలా బ్యాంకులు లోన్ ఇవ్వవు, రేపు మీరు అమ్మాలన్నా లోన్ మీద కొనే పార్టీ దొరకదు. బీపీఎస్‌లో, అంటే ప్లాన్‌కి విరుద్ధంగా కట్టినవాటిని రెగ్యులరైజ్ చేసే ప్రభుత్వ స్కీములో, పెనాల్టీ కట్టి రెగ్యులరైజ్ చేయించుకున్నాం అంటే ఆ ప్రొసీడింగ్స్ కాపీ చూపించమనండి, అప్లై చేశాం అనే రసీదు వేరు, ఆర్డర్ వేరు.

కొత్త ప్రాజెక్ట్ అయితే స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8కి మించినా రెరాలో, అంటే బిల్డర్ల మీద నిఘా ఉంచే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి. ఏపీ రెరా సైట్‌లో ప్రాజెక్ట్ పేరు కొడితే ప్లాన్లు, గడువు అన్నీ వస్తాయి. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ రాయకుండా బిల్డర్ పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు, మన 60 లక్షల ఫ్లాట్‌కి అంటే ఆరు లక్షలు. పొజిషన్ ఇచ్చాక అయిదేళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో బాగుచేయాలి, ఇది తెలియక మెయింటెనెన్స్ డబ్బుల్లో స్లాబు లీకులు బాగు చేయించుకునే అపార్ట్‌మెంట్లు బోలెడు.

లాయర్ అవసరమా, బ్యాంకు చూస్తుంది కదా

బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు కోసం. ఆయన రిపోర్టు మామూలుగా మీ చేతికి కూడా ఇవ్వరు. అదీగాక ఆయన చూసే సమయానికి మీరు అడ్వాన్సు ఇచ్చేసి ఉంటారు. గవర్నర్‌పేటలోనో అరండల్‌పేటలోనో ఒక సివిల్ లాయరుకి మొత్తం సెట్ ఇచ్చి రాతపూర్వకంగా లీగల్ ఒపీనియన్ తీసుకోండి, మీ ఇంటి ధరతో పోలిస్తే ఆ ఫీజు చిల్లర. బ్రోకర్ చెప్పిన లాయరు మాత్రం వద్దు.

అగ్రిమెంట్‌లో ఏం రాయించాలి

స్టాంపు పేపర్ మీద ధర, అడ్వాన్సు, గడువు రాసి సంతకాలు పెట్టేసుకుంటారు అందరూ. వాటితో పాటు ఈ మూడూ రాయించండి: టైటిల్‌లో, అంటే ఓనర్ హక్కులో, లోపం వల్ల బ్యాంకు లోన్ ఇవ్వకపోతే అడ్వాన్సు మొత్తం ఎన్ని రోజుల్లో వెనక్కి ఇవ్వాలి, ఓనర్‌కి ఉన్న లోన్ ఎంత, ఎవరు ఎప్పుడు తీరుస్తారు, రిజిస్ట్రేషన్ రోజు వరకు పన్నులు, కరెంటు, మెయింటెనెన్స్ బకాయిలు ఎవరివి. నాకు మూడోది రాయించుకోవాలని తెలీక అసోసియేషన్‌కి పాత ఓనర్ బాకీ నేను కట్టాను, పెద్ద మొత్తం కాదు గానీ ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్ళు మండుద్ది.

డబ్బు చెక్కుగానో ఆన్‌లైన్‌గానో మాత్రమే ఇవ్వండి. ఆస్తి లావాదేవీల్లో 20 వేలు అంతకు మించి క్యాష్ తీసుకుంటే తీసుకున్నంత పెనాల్టీ పడొచ్చు. మరి నల్లది ఎలాగండీ అని అడుగుతారు, దానికి నా దగ్గర జవాబు లేదు, అగ్రిమెంట్ చెడితే ఆ డబ్బుకి రుజువు ఉండదు అని మాత్రం చెప్తాను.

చేతి డబ్బు ఎంత ఉండాలి

ఇక్కడ లెక్క తప్పి చివర్లో బంగారం తాకట్టు పెట్టేవాళ్ళు ఉంటారు. ఆర్బీఐ రూల్ ప్రకారం 30 లక్షల వరకు లోన్‌కి ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల లోన్‌కి 80 శాతం దాకా, ఆ పైన 75 శాతం దాకా ఇవ్వొచ్చు. అంటే మన 60 లక్షల ఫ్లాట్‌కి గరిష్ఠంగా 48 లక్షలు. అదీ బ్యాంకు ఇంజనీర్ విలువ అంత కడితేనే. మిగతా 12 లక్షలు మీవి. ఆ పైన రిజిస్ట్రేషన్, మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం, 60 లక్షలకే డాక్యుమెంట్ రాస్తే నాలుగున్నర లక్షలు. దీన్ని లోన్ లెక్కలో కలపరు. అంటే పదహారున్నర లక్షలు చేతిలో ఉండాలి, బ్రోకర్, లాయరు, ప్రాసెసింగ్ ఫీజు కాకుండా.

ఓనర్‌కి లోన్ ఉంటే కొనొచ్చా

నిస్సందేహంగా కొనొచ్చు, ఒక రకంగా మంచిదే, ఒరిజినల్స్ బ్యాంకులో భద్రంగా ఉన్నాయని తెలుస్తుంది. ఓనర్ చేత వాళ్ళ బ్యాంకు నుంచి, లోన్ మొత్తం తీర్చడానికి ఎంత కట్టాలో చెప్పే ఫోర్‌క్లోజర్ లెటర్, అక్కడున్న డాక్యుమెంట్ల లిస్టు తెప్పించండి. మీ బ్యాంకు ఆ బాకీ వరకు చెక్కు నేరుగా పాత బ్యాంకు పేరు మీద ఇస్తుంది, మిగిలింది ఓనర్‌కి. నాకివ్వండి నేను వెళ్ళి కట్టేస్తా అంటే ఒప్పుకోవద్దు, ఎంత మంచివాడైనా.

రిజిస్ట్రేషన్ రోజు

డాక్యుమెంట్ రైటర్ రాసిన డ్రాఫ్ట్ రెండు రోజులు ముందే తీసుకుని మీరే చదవండి, ఇంటిపేరు స్పెల్లింగ్, ఆధార్, పాన్, సర్వే నంబరు, హద్దులు, గజాలు. తర్వాత తప్పు దొరికితే సవరణ దస్తావేజు రాయాలి, దానికి మళ్ళీ ఓనర్ రావాలి, డబ్బు ముట్టాక ఓనర్ ఎంత తొందరగా వస్తాడో మీరే ఆలోచించండి.

ధర 50 లక్షలు అంతకు పైన అయితే కొనేవాళ్ళే ఓనర్‌కిచ్చే డబ్బులోంచి ఒక శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, కట్ చేసి ఓనర్ పాన్ మీద కట్టాలి. మన ఫ్లాట్‌కి 60 వేలు. కట్ చేసిన నెల అయిపోయాక 30 రోజుల్లోపు కట్టేయాలి, లేకపోతే వడ్డీ, రోజుకింత లేటు ఫీజు మీకే. ఓనర్ ఎన్ఆర్ఐ అయితే ఈ ఒక శాతం లెక్క వర్తించదు, చాలా ఎక్కువ కట్ చేయాలి, ఆ కేసులో సీఏ లేకుండా ముందుకెళ్ళకండి.

రిజిస్ట్రేషన్ అయ్యాక ఒరిజినల్ బ్యాంకుకి పోతుంది, మీకోసం ఒక సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. బ్యాంకుకి ఇచ్చిన ప్రతి కాగితానికీ లిస్టు రాయించుకుని సీలు, సంతకం తీసుకోండి, దీని అవసరం పదిహేనేళ్ళ తర్వాత వస్తుంది. ఇంటి పన్ను, కరెంటు మీటరు పేరు మార్పిడి ఆ నెలలోనే చేసేయండి.

ఇక లోన్ మార్చడం

ముందు మీ బ్యాంకుకే వెళ్ళండి. 2019 అక్టోబర్ నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) హోమ్ లోన్లు, ఆర్బీఐ బ్యాంకులకి అప్పిచ్చే రెపో రేటు లాంటి బయటి రేటుకి ముడిపెట్టి ఉంటాయి. మీది అంతకు ముందుదైతే పాత పద్ధతిలోనే ఉండిపోయి ఉండొచ్చు, కొద్దిగా ఫీజు కట్టి కొత్త పద్ధతికి మార్చమంటే మారుస్తారు. నేను వేరే బ్యాంకు ఆఫర్ లెటర్ చూపిస్తే తప్ప మా బ్యాంకులో కదలిక రాలేదు, అది వేరే సంగతి.

అయినా తగ్గించకపోతే అప్పుడు లెక్క వేయండి. 40 లక్షలు బాకీ, ఇంకా 20 ఏళ్ళు ఉంది అనుకోండి, 9.25 శాతానికి ఈఎంఐ 36,600 చిల్లర, 8.5 అయితే 34,700 చిల్లర. నెలకి 1,900 మిగులుద్ది. కొత్త బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, లీగల్, వాల్యుయేషన్, మళ్ళీ తనఖా రిజిస్ట్రేషన్ ఖర్చు అన్నీ కలిపి 40 వేలు అయిందనుకుంటే రెండేళ్ళలోపు తిరిగొస్తుంది, అప్పుడు మార్చొచ్చు. మిగిలింది నాలుగైదేళ్ళే అయితే మార్చకండి, వడ్డీ చాలావరకు కట్టేసి ఉంటారు. ఫ్లోటింగ్ రేటు లోన్ సొంత అవసరానికి తీసుకున్న వ్యక్తుల దగ్గర ముందే తీర్చినందుకు పెనాల్టీ వసూలు చేయకూడదని ఆర్బీఐ రూల్ ఉంది, ఎవరైనా అడిగితే ఏ రూల్ కింద అని రాసివ్వమనండి.

పని నడిచే వరస ఇది. పాత బ్యాంకులో ఫోర్‌క్లోజర్ లెటర్, స్టేట్‌మెంట్, డాక్యుమెంట్ల లిస్టు తీసుకోవాలి. కొత్త బ్యాంకు మళ్ళీ మొదటి నుంచి లీగల్, వాల్యుయేషన్ చేస్తుంది, కొనేటప్పుడు చూడకుండా వదిలేసిన లోపాలన్నీ ఇప్పుడు బయటికొస్తాయి. శాంక్షన్ అయ్యాక పాత బ్యాంకు పేరు మీద చెక్కు ఇస్తారు, పాత లోన్ క్లోజ్ అవుతుంది, ఒరిజినల్స్ వచ్చాక కొత్త బ్యాంకులో పెట్టాలి. ఈ మధ్యలో అదనంగా టాప్ అప్ లోన్ కావాలా, ఇన్సూరెన్స్ కలిపేద్దామా అని అడుగుతారు. ఇన్సూరెన్స్ లోన్‌కి కంపల్సరీ అని చట్టంలో ఏమీ లేదు, కావాలంటే విడిగా టర్మ్ పాలసీ తీసుకోండి.

ఇప్పుడు నేను ఇరుక్కున్న చోటు. లోన్ ఇచ్చేటప్పుడు టైటిల్ డీడ్స్ డిపాజిట్ చేసినట్టు ఒక మెమొరాండం రాసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేస్తారు, దాన్ని ఎంఓడీటీ అంటారు, అది ఈసీలో ఎక్కుతుంది. లోన్ తీరిపోయినంత మాత్రాన అది ఈసీలోంచి దానంతటదే పోదు, పాత బ్యాంకు ఆఫీసర్ వచ్చి రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేయాలి. నా కేసులో లోన్ క్లోజ్ అయింది, బాకీ లేదని నో డ్యూస్ లెటర్ వచ్చింది, ఒరిజినల్స్ కొత్త బ్యాంకుకి చేరాయి, అయిపోయింది కదా అనుకున్నా. రెండు నెలలకి కొత్త బ్యాంకు వాళ్ళు ఈసీ తీస్తే ఒకే ఫ్లాట్ మీద రెండు తనఖాలు కనపడ్డాయి. పాత బ్యాంకులో సంతకం అధికారం ఉన్నాయన ట్రాన్స్‌ఫర్ అయ్యారు, కొత్తాయనకి ఆథరైజేషన్ రాలేదు, నాలుగుసార్లు పటమట వెళ్ళి వచ్చా. కాబట్టి చెక్కు ఇచ్చే రోజే రిలీజ్ డీడ్‌కి తేదీ అడిగి రాయించుకోండి. సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో కూడా మీ ఆస్తి మీద ఛార్జ్, అంటే తనఖా నమోదు, ఉంటుంది, అదీ తీయించారా అని అడగండి.

2023 డిసెంబర్ 1 నుంచి దీనికి గట్టి రూల్ ఉంది, లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు ఒరిజినల్స్ అన్నీ ఇచ్చేసి, రిజిస్టర్ అయిన ఛార్జ్ తీయించాలి, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యం అయితే రోజుకి 5,000 రూపాయలు మీకు ఇవ్వాలి. డాక్యుమెంట్లు పోగొడితే సర్టిఫైడ్ కాపీలు తెప్పించడానికి అయ్యే ఖర్చు బ్యాంకే పెట్టుకోవాలి, దానికి ఇంకో 30 రోజులు టైం ఉంటుంది. కౌంటర్ దగ్గర నోటితో అడిగితే వచ్చే వారం రమ్మంటారు, రూల్ పేరు పెట్టి మెయిల్ రాయండి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు.

ఒరిజినల్స్ చేతికొచ్చిన రోజు అక్కడే కూర్చుని, కొనేటప్పుడు సీలు వేయించుకున్న ఆ లిస్టు తీసి ఒక్కో పేజీ లెక్కపెట్టుకోండి, లింక్ డాక్యుమెంట్లు, ప్లాన్ కాపీ సహా. నేను లెక్కపెడుతుంటే కౌంటర్లో అమ్మాయి విసుక్కుంది, రెండో లింక్ డాక్యుమెంట్ లేదని చెప్పాక లోపలికి వెళ్ళి వేరే వాళ్ళ కవర్లోంచి తీసుకొచ్చి ఇచ్చింది.